.315 బోల్ట్ చేతిలోకి ఊడి వస్తుంటే

.315 రైఫిల్లో పేలిన తూటా కేసు (ఖాళీ గొట్టం) తీద్దామని బోల్ట్ పిడి లేపి వెనక్కి గుంజితే బోల్ట్ (తూటాను లోపలికి తోసి వెనక నుంచి మూసే ఉక్కు కడ్డీ) మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. లేదంటే బోల్ట్ హెడ్ పక్కకు లేచి, బోల్ట్ వంకరగా ఇరుక్కుంటుంది. హన్మకొండ నుంచి ములుగు, ఆసిఫాబాద్ దాకా లైసెన్సుదారుల ఇళ్లల్లో ఉండే ఇషాపూర్ (ఆయుధ కర్మాగారం) .315 పాతబడ్డాక ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. ఫిర్యాదు రాగానే "బోల్ట్ పోయింది, కొత్తది వేయాలె" అనేస్తారు. చాలా తుపాకుల్లో పోయేది బోల్ట్ కాదు అనేది నా అభిప్రాయం.

ఈ .315 పైకి షికారీ తుపాకిలా కనిపించినా లోపల పాత లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1, అంటే మన పోలీసులు ఏళ్ల తరబడి మోసిన .303 చట్రమే. ఇందులో బోల్ట్ ఒకే ముక్క కాదు. ముందు భాగమైన బోల్ట్ హెడ్ మరతో బోల్ట్‌లోకి బిగుస్తుంది. హెడ్‌కు కుడిపక్క ఒక కొక్కెం ఉంటుంది. బాడీకి (బోల్ట్ జారే ఉక్కు చట్రానికి) కుడివైపున్న గట్టును ఈ కొక్కెం పట్టుకుని రైలు చక్రంలా ముందుకూ వెనక్కూ జారుతుంది. పిడి లేపినప్పుడు బోల్ట్ తిరుగుతుంది, హెడ్ తిరగదు. కొక్కెం గట్టును పట్టుకుని ఉంటుంది కాబట్టి మరలోనే ఆ కొద్దిపాటి తిరుగుడు జరగాలి. గట్టు వెనక చివర ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది, హెడ్ పైకి లేవకుండా దాన్ని పట్టి ఉంచేది అదే. శుభ్రం చేయడానికి మనం బోల్ట్ తీసేటప్పుడు బొటనవేలితో హెడ్‌ను పైకి ఎత్తితే "టక్"మని వచ్చేది ఈ స్ప్రింగును దాటే. మనం ఎత్తకుండానే అది దాటుతుందంటే మూడింట్లో ఒకటి చెడింది: కొక్కెం, స్ప్రింగు, లేదా మర. చాలామంది చూడనిది ఈ మూడోదే.

మర ఎండిపోతే ఏమవుతుందో చూడండి. పిడి లేపితే బోల్ట్ తిరుగుతుంది. మర బిగుసుకుపోయి ఉంటే హెడ్ కూడా బోల్ట్‌తో పాటు తిరగాలని చూస్తుంది, ఆ తిరుగుడు కొక్కెంను గట్టు మీంచి పైకి లేపే దిక్కుకే. ముందున్నంతసేపు గట్టు ఆపుతుంది. పూర్తిగా వెనక్కి వచ్చాక ఆపడానికి ఆ చిన్న స్ప్రింగు ఒక్కటే మిగులుతుంది, చెయ్యి కాస్త విసురుగా గుంజితే అది ఓడిపోతుంది. మర ఎందుకు ఎండుతుంది అంటే, ఎన్నికల కోడ్ రాగానే ఆయుధాలు ఠాణాలో జమ చేస్తాం. 2023 నవంబర్ 30న అసెంబ్లీ పోలింగ్, 2024 మే 13న లోక్‌సభ పోలింగ్, అంటే ఏడాది తిరగకముందే రెండుసార్లు. వారాల తరబడి కదపని తుపాకిలో పాత నూనె జిగురై, దుమ్ముతో కలిసి మరలో మైనంలా పేరుకుంటుంది. కొందరు కొబ్బరినూనె పూస్తారు, దయచేసి పూయకండి. అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, ఆసిఫాబాద్ డిసెంబర్ పొద్దున చలి ఎంతుంటదో మీకు తెలుసు కదా.

ముందు తుపాకి ఖాళీ చేయండి. మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి గుంజి, చాంబర్‌ను (తూటా కూర్చునే గది) కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి చూసి, తూటాలు వేరే గదిలో పెట్టి రండి. బోల్ట్ బయటికి తీసి, హెడ్‌ను రెండు వేళ్లతో విప్పి చూడండి. వేళ్లకు రాకపోతే, పక్కడు (పట్టకారు) తేవాలని బుద్ధి పుడితే, రోగం దొరికినట్టే. బోల్ట్ ముందుభాగాన్ని ఓ గంట కిరసనాయిలులో నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో మర పళ్లు తోమి, బట్టతో పూర్తిగా తుడిచి, పలచని తుపాకి నూనె లేదా కుట్టుమిషన్ నూనె ఒక్క బొట్టు వేయండి. రెండు బొట్లు వద్దు, ఎక్కువైనది చాంబర్‌లోకి పోతుంది. హెడ్ వేళ్లతో చివరిదాకా బిగించి, కొక్కెం బోల్ట్ కుడి పక్కటెముకకు (పొడవునా లేచి ఉండే పట్టీకి) వరుసలోకి వచ్చేంతవరకు కొంచెం వెనక్కి తిప్పితే చాలు. చేతికొచ్చినంత బలంగా బిగించి వదిలేస్తే రైఫిల్‌లోకి పోదు.

మర బాగానే ఉంటే కొక్కెం చూడాలి. లోపలి పెదవికి నల్ల మార్కర్ పూసి, బోల్ట్‌ను ఎక్కించి పదిసార్లు మెల్లగా ఆడించండి. పెదవి పొడవునా సమంగా రంగు చెరిగితే మంచిది. అంచు మీద సన్నటి గీత మాత్రమే చెరిగితే, లేదా పెదవి అంచు రుద్దిన రూపాయి బిళ్లలా గుండ్రంగా మెరుస్తుంటే, పట్టు అయిపోయింది. ఇదే పరీక్ష గట్టు వెనక చివరకూ చేయండి. అక్కడ దెబ్బలుంటే హెడ్ మార్చడంతో సరిపోదు, అది బాడీ, మార్చేది కాదు. రుద్ది నునుపు చేద్దామని ఆకురాయి పట్టుకున్నవాళ్లు పట్టును ఇంకా తగ్గిస్తారు.

స్ప్రింగు పరీక్ష బొటనవేలితోనే. బోల్ట్ పూర్తిగా వెనక్కి గుంజి హెడ్‌ను కింది నుంచి ఎత్తితే వేలికి ఒత్తిడి తెలియాలి, ఒక్కసారిగా వదిలిన శబ్దం రావాలి. శబ్దం లేకుండా మెత్తగా జారితే స్ప్రింగు అలసింది, లేదంటే దాని కింద మట్టి చేరి కిందికి నొక్కుకుంటోంది. కొన్నిసార్లు బ్రష్‌తో కడిగితే ప్రాణం వస్తుంది. మార్చాల్సి వస్తే అది కట్టె (తుపాకి చెక్క భాగం) తీస్తే గానీ చేరే పని కాదు. అక్కడ ఒక జాగ్రత్త. ఈ పాత చట్రంలో వెనకాల బట్టును (భుజానికి ఆనే వెనక కట్టెను) పట్టే పొడవాటి బోల్ట్ చివర చదరంగా ఉండి, ముందు కట్టెలోని పళ్లేన్ని పట్టుకుంటుంది. ముందు కట్టె తీయకుండా బట్టు బోల్ట్ తిప్పితే కట్టె నిలువునా పగులుతుంది. ఆ పగులు బయటికి కనిపించదు, గురి మాత్రం తప్పుతుంది.

ఇవన్నీ బాగున్నా ఊడుతుంటే చాంబర్ చూడండి. పేలిన కేసు అతుక్కుంటే మనిషి పిడిని అరచేత్తో పైకి కొడతాడు, ఆ దెబ్బకు కొక్కెం అరుగుతుంది. చాంబర్‌లో తుప్పు గరుకులు ఉంటే కేసు మీద గీతలు పడతాయి, ఖాళీ కేసును వెలుతురులో తిప్పితే కనిపిస్తాయి. చాంబర్‌లో నూనె ఉన్నా నష్టమే. పొడి చాంబర్‌ను కేసు గోడలు పట్టుకుంటాయి, నూనె ఉంటే ఆ పట్టు తగ్గి వెనక్కి తోసే బలం బోల్ట్ మీద ఎక్కువ పడుతుంది. ఈ రైఫిల్‌లో తాళం వేసే లగ్గులు (గడ్డలు) వెనకాల ఉంటాయి, ఆ భారం బోల్ట్ పొడవునా మోయాలి. జమ నుంచి తెచ్చుకున్న తుపాకిని నూనెలో ముంచినట్టు పూసి అలాగే పేల్చేవాళ్లకు చెప్పేది, కాల్చేముందు చాంబర్, బ్యారెల్ పొడి బట్టతో పూర్తిగా తుడవండి.

బోల్ట్ వెనక భాగంలో ఊడేది వేరే జబ్బు. స్ట్రైకర్ (తూటాను వెనక నుంచి గుద్దే సూది) కాకింగ్ పీస్‌లోకి (బోల్ట్ వెనక చివరి ముక్కలోకి) మరతో బిగుస్తుంది, దాన్ని ఒక చిన్న కీపర్ స్క్రూ పట్టి ఉంచుతుంది. అది వదులైతే స్ట్రైకర్ మెల్లమెల్లగా తిరిగి, ముందుకు పొడుచుకు రావడం తగ్గుతుంది. తూటాలు పేలకుండా మిస్ అవుతాయి. .303కు స్ట్రైకర్ ముక్కు బయటికి రావాల్సింది 0.040 నుంచి 0.050 అంగుళం, అంటే కాస్త అటూఇటూగా ఒక మిల్లీమీటరు. వెనక నుంచి చూస్తే స్ట్రైకర్ చివర కాకింగ్ పీస్ ముఖంతో సమంగా ఉండాలి. స్ట్రైకర్ విప్పడానికి ప్రత్యేక పనిముట్టు ఉంది, సైకిల్ పైపు ముక్క కోసి వాడితే స్ట్రైకర్ అంచులు పోతాయి.

బోల్ట్ చేతిలో ఉన్నప్పుడు కాకింగ్ పీస్ పొడవు గాడిలోకి జారితే బోల్ట్ ఎంత తోసినా లోపలికి పోదు. దాన్ని మళ్లీ పక్కనున్న పొట్టి గాడిలోకి తిప్పాలి. ఎక్కించేటప్పుడు హెడ్ కొక్కెం పైకి ఉంచి బోల్ట్‌ను ముందుకు జరిపి, గట్టు మీదికి వచ్చాక కిందికి నొక్కితే టక్ వినపడాలి. ఇక్కడే వీడియోలు చూసి మోసపోతారు. అందులో ఎక్కువ చూపించేవి లీ-ఎన్‌ఫీల్డ్ తర్వాతి మోడల్ అయిన నంబర్ 4 రైఫిళ్లు, వాటి బోల్ట్ తీసే పద్ధతి వేరు. రెండో ప్రపంచయుద్ధంలో కెనడా లాంగ్ బ్రాంచ్‌లోనూ అమెరికాలోనూ చేసిన నంబర్ 4 మార్క్ 1 స్టార్ అయితే, గట్టు ముందువైపు కోతలోంచి హెడ్‌ను లేపుతారు, ఆ కోత అరిగితే హెడ్ ఊడడం దానికి పేరుమోసిన లోపం. మన .315కు ఆ కోత లేదు, ఆ మందు మనకు పనికిరాదు.

పక్కవాడి రైఫిల్ హెడ్ తెచ్చి వేసుకోవడం మాత్రం అసలు వద్దు. నంబర్ 4 హెడ్‌లకు 0 నుంచి 3 దాకా అంకెలుంటాయి, పొడవు తేడా పోల్చుకోవచ్చు. నంబర్ 1 రకానికి ఆ సౌకర్యం లేదు, హెడ్ మారిస్తే హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ తూటాకూ మధ్య ఖాళీ) గేజ్‌తో చూడాల్సిందే. హెడ్ వెనక ముఖం బోల్ట్ ముఖానికి ఆనకపోతే పేలుడు బలమంతా మర పళ్ల మీద పడుతుంది. ఇంకో చిన్న సంగతి: ఇద్దరు అన్నదమ్ముల రైఫిళ్లు ఒకేసారి జమ చేసి, బోల్ట్‌లు విడిగా మూటగట్టి ఇస్తే, తెచ్చుకునేటప్పుడు కలిసిపోతాయి. పిడి మొదట్లో ఉన్న అంకె, బాడీ అంకె ఒకటేనా అని ఠాణా గడప దాటకముందే చూడండి. లగ్గులు ఆ బాడీకే కుదిర్చినవి.

శుభ్రం చేయడం వరకే మనది. హెడ్, స్ప్రింగు మార్చడం మరమ్మతు కిందికి వస్తుంది. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి, కాబట్టి లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే తీసుకుపోవాలి. తీసుకుపోయేటప్పుడు "బోల్ట్ ఊడుతోంది" అని మాత్రం చెప్పకండి. పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడా, సగంలోనా? తూటా పేలిన తర్వాతనా, ఖాళీగా ఆడించినా ఊడుతుందా? మార్కర్ గీతతో బోల్ట్ చూపిస్తే ఇంకా మంచిది. బాగుచేసి ఇచ్చాక డమ్మీ తూటాలు ఐదు వేసి, పిడి పూర్తిగా పైకి లేపి నేరుగా వెనక్కి, ఇరవైసార్లు వేగంగా ఆడించి చూపించమనండి. అప్పుడు కూడా హెడ్ గట్టు మీదే ఉంటే కట్టె బిగించమని చెప్పండి.