ఉలిపికట్టె నడిచే దారి

"మన ఊళ్లల్ల చట్టాలెందుకన్నా, ఆచారం సాలదా, అందరం కలిసే ఉంటిమి కదా" అనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. అనేవాళ్లు ముందుగా చూపించేది పీర్ల పండుగను, అంటే మొహర్రంను. అబద్ధమేం కాదు. మా నల్లగొండ దిక్కు, పాలమూరు దిక్కు ఒక్క ముస్లిం ఇల్లు లేని పల్లెల్లో కూడా పీర్లు లేస్తాయి, ఎత్తుకునేది ఏ గౌడో ముదిరాజో అయి ఉంటాడు, అలావ అనే నిప్పుల గుండం చుట్టూ ఊరంతా తిరుగుతుంది, మొక్కుకున్న ఇళ్ల నుంచి మలీద, కుడుకలు వస్తాయి, దట్టీలు కడతారు. ఏ జీవో వచ్చిందని ఇదంతా? ఇట్లాంటి అలవాటు లేకుంటే ఎన్ని పోలీస్ స్టేషన్లు పెట్టినా ఊరు నడవదు, ఒప్పుకుంటా.

కానీ చాయ్ హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టిందీ ఆ ఊళ్లే. నారాయణపేట వైపు ఆడపిల్లను దేవుడికి ఇచ్చినమని చెప్పి జోగినిని, అంటే దేవదాసిని చేసిందీ ఆచారమే. అది నేరమని చెప్పడానికి 1988లో చట్టం రావాల్సి వచ్చింది, వచ్చాక కూడా చాటుమాటుగా సాగింది.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని వెక్కిరిస్తాం కదా, నా లెక్కలో ఆ ఉలిపికట్టె తన్నులు తినకుండా నడవగలిగితేనే స్వేచ్ఛ. అక్కడ ఆచారాన్ని నమ్ముకుంటే లాభం లేదు, తన్నేదే అది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోనే వచ్చినా, సాంఘిక బహిష్కరణ అందులో నేరంగా చేరింది 2015 సవరణతో. సరే, కేసు పెట్టాలంటే సాక్షి కావాలి, సాక్షిదీ అదే ఊరు, రేపు నాట్లకు పోవాల్సింది కేసు పడ్డ పటేలు పొలానికే. ఇగ పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తారు. ఆ తర్వాత "చట్టంతో మనుషులు మారతరా" అని మళ్లీ వాళ్లే అడుగుతారు! రాజ్యాంగ నైతికత, అంటే రాజ్యాంగం చెప్పిన విలువల ప్రకారం నడుచుకునే గుణం, దానంతటదే పుట్టదు, అలవరచుకోవాల్సిందే అని అంబేద్కర్ 1948లోనే రాజ్యాంగ సభలో చెప్పారు. చట్టమంటే భయం లేకపోతే ఆ అలవాటు మొదలే కాదని నా అభిప్రాయం.

చట్టానికీ ఊరంటే మొహమాటం ఉంది, అది వేరే బాధ. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే ఇంటివాళ్ల, కులపోళ్ల అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అయితే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేటట్టు అంటిస్తారు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన జంట పేర్లు గోడ మీద పెడితే వెతికేవాళ్లకు ఇంకేం కావాలి? ముందు ఆ నోటీసు తీసెయ్యండి, సంస్కృతి గురించి తర్వాత కొట్లాడుకుందాం.