మాత్రలు ఆపేసిన 19 రోజులు – నా టీబీ అనుభవం

అందరికీ వందనాలు. మొన్న బుధవారం నా ఆఖరి తెమడ పరీక్ష రిపోర్టు వచ్చింది, క్రిములు లేవని రాసి ఉంది, ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఒంగోలు బస్టాండులో కూర్చుని ఏడ్చేశాను. మనసులో వేడి ఆరకముందే రాస్తా ఉన్నా.

మాది టంగుటూరు దగ్గర పల్లె. సీజన్లో పొగాకు గ్రేడింగుకు పోతాను. దగ్గు మొదలైతే అందరూ పొగాకు ఘాటు అన్నారు, నేనూ అదే అనుకున్నా. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఆయన రెండు నెలలు ఇంజెక్షన్లు పొడిచి నాలుగు వేలు తీసుకున్నాడు. రెండు వారాలకు మించి దగ్గుంటే తెమడ పరీక్షకు పంపాలని ఆయనకు తెలియదా, తెలుసు, పంపితే రేపటి నుంచి మనిషి రాదు గదా. చివరికి ఆశా అక్కే డబ్బా తెచ్చిచ్చి, పొద్దున లేవగానే లోపల్నుంచి దగ్గి తెమడ తియ్యి, ఉమ్ము కాదు అని చెప్పింది. టీబీ అని తేలింది. మందులు ఫ్రీ. నా బరువు 41 కిలోలు కాబట్టి రోజుకు మూడు మాత్రలు, ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిపి ఉంటాయి. మూత్రం ఎర్రగా పోతే భయపడొద్దు, అది ఆ నాలుగిట్లో ఒకటైన రిఫాంపిసిన్ మందు రంగు. ఇదంతా తేలిగ్గానే జరిగింది.

అయిదు వారాలకు దగ్గు తగ్గింది, రెండు కిలోలు పెరిగాను. అప్పుడు మా చిన్నత్త వచ్చి, మూడు రోజులు స్వస్థత కూటాలు జరగతా ఉన్నాయి, రా అమ్మా అనింది. మేము కొత్తగా నమ్మినోళ్ళం కాదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అందులో మా నాయన వాళ్ళ ముత్తాత కూడా ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. దేవుడు బాగుచేస్తాడని నాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఆ నమ్మకంతోనే పోయాను, ఆరేళ్ళ మా పాపను కూడా తీసుకుపోయాను.

రెండో రోజు రాత్రి జబ్బులున్నోళ్ళు ముందుకు రండి అన్నారు. వరసలో నిలబడితే ఒకతను వచ్చి జబ్బు పేరు రాసుకుని, ఇంకా మందులు వాడతా ఉన్నావా అని అడిగాడు. అవునన్నా. బ్యాగులో ఉన్నాయా అంటే ఉన్నాయన్నా. నన్ను స్టేజీ ఎక్కించారు. ఎంతమంది జనమో, లైట్లు కళ్ళల్లో పడతా ఉంటే ఎవరి మొహం కనపడలా. మైకు పట్టుకున్న ఆయన నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించి, టీబీ దయ్యం పోయింది, నమ్ముతున్నావా అన్నాడు. నమ్ముతున్నానన్నా. మరి ఇవి ఎందుకు అని నా మాత్రల అట్టలు పైకెత్తి అందరికీ చూపించి పక్కనున్న బకెట్లో పడేశాడు. జనం చప్పట్లు. ఇప్పుడు పరుగెత్తు, నీ ఊపిరితిత్తులు కొత్తవి అన్నాడు.

పరుగెత్తాను. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు పరుగెత్తాను. మూడోసారి ఊపిరి అందలేదు, దగ్గు తెర వచ్చింది, పమిట అడ్డం పెట్టుకుంటే రక్తం పడింది. మైకు నా నోటి దగ్గరే ఉంది, ఆ దగ్గు మైదానమంతా వినపడింది. ఆయన మైకు తీసేసి, ఈమెలో అవిశ్వాసం ఉంది, అందుకే స్వస్థత నిలబడలా, ఈమె కోసం ప్రార్థించండి అన్నాడు. ఇద్దరు ఆడోళ్ళు రెక్కలు పట్టి దించేశారు. మా పాప కిందే నిలబడి ఉంది. ఇంటికి పోయేదాకా ఒక్క మాట మాట్లాడలా, పడుకునేటప్పుడు మాత్రం, అమ్మా నువ్వు దేవుణ్ణి నమ్మవా అని అడిగింది.

రక్తం పడినందుకు కాదు, ఆ మాటకు నేను చచ్చిపోయాను. ఇంట్లో ఇంకా మాత్రలు ఉన్నాయి. మాత్ర చేతిలోకి తీసుకుంటే అవిశ్వాసి అన్న మాటే చెవుల్లో మోగేది. మానేశాను. మా ఆయనకు వేసుకున్నానని అబద్ధం చెప్పాను. 19 రోజులు ఉపవాస ప్రార్థన చేశాను, తిండి లేక, మందు లేక మళ్ళీ తగ్గిపోయి 40 కిలోలకు వచ్చాను, రాత్రిళ్ళు జ్వరం, చెమటలు. చదివేవాళ్ళలో ఎవరైనా ఇట్లాంటి స్థితిలో ఉంటే మా అక్కచెల్లెళ్ళకు చెప్పినట్టు చెప్తున్నా, మందు మధ్యలో ఆపితే క్రిమి ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది, ఆ తర్వాత వైద్యం ఇంకా పొడుగు, ఇంకా కష్టం. నీ ఒక్కదానితో కూడా పోదు, దగ్గితే ఇంట్లో బిడ్డకు అంటుద్ది.

మా సంఘం పాస్టరు అయ్యగారికి డెబ్భై దాటాయి. ఆదివారం నేను రాలేదని సైకిలేసుకుని ఇంటికొచ్చారు. ఆయన ముందు దాచలేకపోయాను, అంతా చెప్పాను. ఆయన తిట్టలా. బైబిలు తెరిచి, పుండు లేచి చావు దాకా పోయిన హిజ్కియా రాజు సంగతి చదివించారు. దేవుడే నీకు ఇంకా 15 ఏళ్ళు ఇస్తానని మాట ఇచ్చాడు, అయినా యెషయా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు, మరి హిజ్కియాది అవిశ్వాసమా అమ్మా అన్నారు. పౌలు తన తోటివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చాడు, ఆయన్నెవరూ స్టేజీ మీద పరుగెత్తించలా అన్నారు. మనకు సువార్త తెచ్చినోళ్ళే ఒంగోల్లో అమెరికా మిషనరీ క్లౌ దొర పేరున ఆస్పత్రి, నెల్లూర్లో ఆడోళ్ళకు ఆస్పత్రి పెట్టారు గదా, ప్రార్థన చేసినోళ్ళు ఇటుకలు కూడా మోశారమ్మా అన్నారు. తర్వాత యాకోబు పత్రికలో ఉన్నట్టు ఇద్దరు సంఘ పెద్దల్ని పిలిచి నా నుదుట నూనె రాసి ప్రార్థించారు. లేచి, పద ఆస్పత్రికి, నేనూ వస్తా అన్నారు.

ఆస్పత్రిలో టీబీ సూపర్‌వైజరు నలుగురిలో అరిచాడు, పడ్డాను, తప్పు నాదే. కానీ నీ మతం పిచ్చి అన్నాడు చూడండి, అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలా. మతం వల్లనే గదా నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కింది, పక్కనే చేతి కర్ర పట్టుకుని అయ్యగారు నిలబడి ఉన్నారు, కళ్ళు లేవా. డాక్టరమ్మ మంచిది, క్రిమి మందుకు లొంగుతుందో లేదో చెప్పే సీబీనాట్ మిషన్లో మళ్ళీ తెమడ పరీక్ష చేయించింది. రిఫాంపిసిన్‌కు లొంగుతుందనే వచ్చింది. దేవునికి స్తోత్రం. ఆపిన కాడ్నుంచి మళ్ళీ మొదలుపెట్టించింది.

ఆ రోజు నుంచి అయ్యగారు పొద్దున ఏడింటికి ఫోన్ చేసేవారు. మాత్రలు అరిచేతిలో పెట్టుకున్నావా అమ్మా అనేవారు. పెట్టుకున్నా అయ్యగారూ అంటే, ప్రభువా ఈ మందును ఆశీర్వదించు అని రెండు ముక్కలు ప్రార్థించి, ఆమేన్, ఇప్పుడు మింగు అనేవారు. మింగిన శబ్దం వినేదాకా ఫోన్ పెట్టేవారు కాదు. ఆయనకు జ్వరం వచ్చిన నాలుగు రోజులు ఆయన భార్య, అమ్మగారు చేశారు. ఒక్క రోజు తప్పలా. వికారంతో కక్కొచ్చే రోజుల్లో కూడా ఆ ఫోన్ కోసమే లేచి కూర్చునేదాన్ని. నా ఒంట్లో క్రిమిని చంపింది మందే, ఆ మందు రోజూ నా గొంతు దిగేట్టు చేసింది ప్రార్థన, రెండూ దేవుడిచ్చినవే అని నేను ఎవరి ముందైనా చెప్తాను.

నెలకు 1,000 రూపాయలు పోషణకు బ్యాంకులో పడతాయి, ముందు 500 ఉండేదంట. అకౌంటుకు ఆధార్ లింకు ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి, నాకు రెండు నెలలవి ఇంకా రాలేదు. గుడ్లు, పప్పు తినండి.

రిపోర్టు వచ్చిన రోజే నేనూ మా ఆయనా పాపా కలిసి ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాం. 1854 జనవరి 1 తెల్లారకముందే మిషనరీ జ్యుయెట్ దొర, ఇంకొందరు అక్కడ మోకరించి ఒంగోలు కోసం ప్రార్థించారు, క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. ఆ ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండేళ్ళు. స్టేజీ మీద ఆయన నాకు రెండు నిమిషాలు కూడా ఇవ్వలా. ఎక్కడా ఆగకుండా ఎక్కాను, దగ్గు రాలేదు. పైకి పోయాక పాప నా గుండె మీద చెవి పెట్టి విని, గురగుర లేదమ్మా అనింది.