డైమండ్లను రూపాయల్లోకి మార్చి చూడండి

ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన పైసలు ఖాతాలో పడ్డాక, అందులోంచి ఫోన్ ఆటలో కొనుగోళ్లకు 80, 80 రూపాయల చొప్పున పోతుంటే ఇంట్లో వెంటనే ఎవరికీ తెలియదు. బ్యాంకు మెసేజ్ వచ్చే ఫోన్ పిల్లగాడి చేతిలోనే ఉంటుంది. రెండు నెలలకు పాస్‌బుక్ ప్రింట్ కొట్టిస్తే వరుసగా ఒకే రకం ఎంట్రీలు, ఆ తర్వాత వాడి వీపు మీద దెబ్బలు. కొట్టే ముందు ఆ ఆటను ఎట్లా తయారు చేశారో ఒక్కసారి చూడండి.

ఆట లోపల రూపాయి కనబడదు. దాని బదులు ఆటకో సొంత నాణెం: ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో డైమండ్స్, బీజీఎంఐలో యూసీ, రోబ్లాక్స్‌లో రోబక్స్. 400 రూపాయలు పెట్టాలంటే ఏడో తరగతి పిల్లవాడు కూడా ఆలోచిస్తాడు. 500 డైమండ్స్ అంటే ఆలోచించడు, అవి అప్పటికే కొనేసినవి కదా. పైగా ప్యాక్ సైజు, వస్తువు ధర చాలాసార్లు సరిగ్గా కలవవు. కొన్ని మిగిలిపోతాయి. వాటిని వాడుకోవాలంటే ఇంకో ప్యాక్ కొనాలి.

అసలు పైసలు లాగేది స్పిన్, అంటే అదృష్ట చక్రం తిప్పడం. ఫ్రీ ఫైర్‌లో ఫేడెడ్ వీల్ అని ఒకటి వస్తుంటుంది. 10 వస్తువులు చూపిస్తారు, వద్దనుకున్న 2 తీసేయమంటారు. ఆ తీసేయడంతోనే ఆట తన చేతిలో ఉందని పిల్లవాడికి అనిపిస్తుంది. మొదటి స్పిన్ 9 డైమండ్స్. వచ్చిన వస్తువు మళ్లీ రాదు కాబట్టి ప్రతిసారీ ఆటలో తన బొమ్మకు కావలసిన డ్రెస్ దగ్గరపడుతున్నట్టే ఉంటుంది. కానీ స్పిన్ ధర 9 నుంచి 19, 39, 69, 99, 149, 199, 499కి ఎక్కుతూ పోతుంది. ఆరు స్పిన్లకు 384 డైమండ్స్ పోతాయి. ఇంకా రెండే మిగిలాయి, ఇక్కడ ఆపితే పెట్టినవన్నీ దండగైనట్టు ఉంటుంది. ఆ చివరి రెండింటికే 698. మొత్తం 1,082. వంద డైమండ్స్ సుమారు 80 రూపాయలనుకుంటే (రేట్లు మారుతుంటాయి) 860 రూపాయల పైమాట, అదీ తుపాకీ దెబ్బను ఒక్క పాయింటు కూడా పెంచని ఒక డ్రెస్ కోసం. డ్రెస్ లేకపోతే ఆట మొదలయ్యే ముందు కలిసే లాబీలో తోటి పోరలు 'నూబ్' (ఏమీ రానోడు) అంటారు. పిల్లలకు అది చిన్న బాధ కాదు.

కొనుగోలు బటన్లు పిల్లలను మోసగించేలా ఉన్నాయని 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ చేత 24.5 కోట్ల డాలర్లు కొనుగోలుదారులకు వాపసు ఇవ్వడానికి ఒప్పించింది. మన దగ్గర 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది పైసలు గెలవాలని పైసలు పెట్టే ఆటలను. డ్రెస్సులు, డైమండ్లు కొనడం దాని కిందికి రాదు. కాబట్టి తాళం ఇంట్లోనే వేయాలి.

ప్లే స్టోర్ తెరిచి, పైన ఫొటో మీద నొక్కి, సెట్టింగ్స్‌లో కొనుగోలు వెరిఫికేషన్ అనే చోటికి వెళ్లి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. 30 నిమిషాలకు ఒకసారి అనే ఆప్షన్ వద్దు, ఆ అరగంటలో ఒక చక్రం పూర్తవుతుంది. వేలిముద్ర ఆప్షన్ తీసేయండి. ఫోన్ తెరవడానికి పిల్లవాడి వేలు కూడా ఎక్కించి ఉంటే ఆ తాళం వాడి వేలితోనే తెరుచుకుంటుంది. ప్లే స్టోర్‌లోనే బడ్జెట్ అని ఒకటుంది, దాన్ని నమ్ముకోవద్దు. పరిమితి దాటితే హెచ్చరిస్తుంది తప్ప ఆపదు. పేమెంట్ పద్ధతుల్లో దాచిన కార్డు, యూపీఐ, సిమ్ బిల్లింగ్ (ఫోన్ బిల్లులోంచో బ్యాలెన్స్‌లోంచో కోసుకునేది) తొలగించండి. సబ్‌స్క్రిప్షన్లు కూడా చూసి, నెలవారీ మెంబర్‌షిప్ ఉంటే రద్దు చేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే (పైసలు వాటంతటవే కోసుకుపోయే ఏర్పాటు) జాబితా వేరుగా ఉంటుంది, అక్కడా తీసేయాలి.

ఇంతా చేసి యూపీఐ పిన్ మార్చకపోతే లాభం లేదు. రీచార్జ్, కరెంటు బిల్లు పిల్లలతోనే కట్టించే ఇళ్లల్లో పిన్ వాళ్లకు నోటికి వస్తుంది. మార్చాక పిన్ మీరే నొక్కండి, ఓటీపీ కూడా చెప్పొద్దు.

డైమండ్స్ కొనడానికి ఇంకో దారి రీడీమ్ కోడ్, అంటే ముందే పైసలిచ్చి కొనుక్కుని ప్లే స్టోర్‌లో కొట్టే నంబరు. దాన్ని నగదుతో కొంటే బ్యాంకు మెసేజ్ కూడా రాదు. చేతి ఖర్చు పైసలు ఎటు పోతున్నాయో కనుక్కోండి. సగం ధరకు డైమండ్స్ ఇస్తామని వాట్సాప్, టెలిగ్రామ్‌లలో ఐడీ, పాస్‌వర్డ్ అడిగేవాళ్లు ఇంకా ప్రమాదం. పైసలూ పోతాయి, ఐడీ కూడా పోతుంది. అట్లా పోయినప్పుడు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పటికే కొన్నారని తెలిస్తే ఆలస్యం చేయొద్దు. కొన్న 48 గంటల్లోపు అయితే ప్లే స్టోర్‌లోనే రిఫండ్ అడగొచ్చు. జీమెయిల్‌లో రసీదు ఉంటుంది, జీపీఏ (GPA) అనే అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరు దాంట్లోనే ఉంటుంది. గడువు దాటితే ఆట కంపెనీకి రాయాలి. అంతవరకు కోపంతో గేమ్ ఐడీ మాత్రం డిలీట్ చేయించకండి, కంపెనీ ఆ ఐడీ నంబరే అడుగుతుంది.