చిట్టా మూస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచేది

తణుకు, తాడేపల్లిగూడెం, మండపేట వైపు రైస్ మిల్లుల్లో లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టడం ఇప్పుడు పెద్ద పని కాదు. పెట్టాక కూడా గుమస్తా సొరుగులో చేత్తో రాసే చిట్టా ఎందుకు మిగిలిందో చూడాలి. కారణం చాలావరకు యజమానే. రాత్రి ఫోన్ చేసి "ఇవాళ ఎన్ని బస్తాలు దిగాయి?" అంటే గుమస్తా చిట్టా చూసి చెబుతాడు. అడిగేవాడికి అది చాలినప్పుడు కంప్యూటర్‌లో ఎప్పుడు ఎక్కిస్తే ఏం?

అలా ఎక్కించిన లెక్క ఇట్టే దొరికిపోతుంది. లారీలు పగలంతా వచ్చినా ఎంట్రీలన్నీ రాత్రి ఏడు దాటాకే. తేమ గడిలో వరసగా 17, 17, 17. ప్రభుత్వ కొనుగోలుకు పరిమితి 17 శాతం కాబట్టి ఆ అంకెతో ఎవరికీ తిట్లు పడవు. 19 అని నిజం రాసినవాణ్ని "ఎందుకు దింపించావ్?" అని గదమాయిస్తే, మర్నాటి నుంచి మీటర్ ఏం చూపినా 17 పడుతుంది. నష్టం తర్వాత బయటపడుతుంది: 19 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యం 17కి ఆరేసరికి 2.4 కిలోలు తగ్గుతుంది. క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి (ఉప్పుడు కాని) బియ్యం ప్రభుత్వానికి అప్పగించాల్సిన మిల్లుకు అది చిన్న తేడా కాదు. అప్పుడు సాఫ్ట్‌వేర్‌ను తిడతారు, పాపం.

బస్తా సంగతి ఇంకో తలనొప్పి. ఊళ్లో బస్తా అంటే 75 కిలోలు, కొనుగోలు కేంద్రం గోనె 40 కిలోలు. ముఠా మేస్త్రి (హమాలీల పెద్ద) సంచులు లెక్కిస్తాడు, కాటా కిలోలు చూపిస్తుంది. ఎంట్రీ కిలోల్లోనే ఉండాలి, సంచుల సంఖ్యకు వేరే గడి.

సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) ధాన్యం దిగే రోజుల్లో మార్పు మొదలుపెట్టొద్దు. జూలై, ఆగస్టు మేలు. రెండు వారాలు చిట్టా, సాఫ్ట్‌వేర్ రెండూ నడిపి, ముందే చెప్పిన తేదీన చిట్టా మూసేయాలి. తేదీ చెప్పకపోతే అది ఏళ్ల తరబడి నడుస్తుంది. కరెంటు పోతే నంబరు వేసిన స్లిప్పు రాసి, వచ్చాక అదే నంబరుతో ఎక్కించాలి.

లాగిన్ మనిషికొకటి. కంపెనీగా నమోదైన మిల్లులకు 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ అంకె ఎప్పుడు మారిందో చూపే సవరణల చరిత్ర తప్పనిసరి. భాగస్వామ్య మిల్లులకూ అది ఆన్‌లో ఉండటమే మంచిది. కానీ దాన్ని దొంగను పట్టే వలలా వాడితే అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో ఎక్కిస్తారు. సవరణ పక్కన కారణం రాయించండి. మొదటి నెల యజమాని రోజూ ఆ కారణాలే చదవాలి, అదీ గుమస్తా పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా.