అడవిపంది వెనక చేప

మ్యూనిక్‌లో పొద్దున్నుంచీ వాన. బట్టలు మెషీన్‌లో వేసి, కుక్కర్ స్టవ్ మీద పెట్టి, మొన్న వేలంలో కొన్న ప్రాచీన గ్రీకు వెండి చిల్లర నాణేల కవరు విప్పాను. మీద "గ్రీకు, చిన్నవి" అని మాత్రం ఉంది. ఏ ఊరి మట్టిలో దొరికాయో ఒక్క ముక్క రాయలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా ఆవిడ వీటిని చేప పొలుసులంటుంది. ఆ మాట కొత్తదేం కాదు. క్రీ.పూ. 422లో ఆడిన, ఏథెన్స్ నాటకకర్త అరిస్టోఫనీస్ రాసిన 'కందిరీగలు' నాటకంలో ఓ ముసలి జ్యూరీ సభ్యుడున్నాడు. రోజు కూలి మూడు ఓబోళ్ళు, అంటే మూడు చిన్న వెండి నాణేలు. ఇద్దరికీ కలిపి ఆరు ఓబోళ్ళ నాణెం, ఒక ద్రాక్మా, చేతిలో పెడితే, తోటివాడు చేపల బజారులో చిల్లర మార్చి ఇతనికి మూడు పొలుసులు అంటగడతాడు. ఓబోళ్ళే అనుకుని నోట్లో వేసుకుంటాడు ముసలాయన. అప్పట్లో ఏథెన్స్ వాళ్ళ చిల్లర దాచుకునే చోటు బుగ్గే మరి! నీచు కంపుకి తుపుక్కున ఉమ్మేస్తాడు.

బొమ్మ చూడాలని మనసు లాగుతుంది గానీ ముందు కాటా మీద పెట్టాలి. సింహాన్ని చాలా ఊళ్ళు తమ నాణేల మీద వేసుకున్నాయి, బొమ్మను నమ్మితే తిప్పలే. ఏథెన్స్ లెక్కలో ద్రాక్మా 4.3 గ్రాములు, అందులో ఆరో వంతు ఓబోల్, అంటే 0.72. ఊరు మారితే తూకమూ మారుతుంది. అందుకే తూకం తర్వాత వెనకవైపు తిప్పి చూస్తాను.

మొదటిది 0.38 గ్రాములు. ముందు అడవిపంది సగం ఒళ్ళు, వెనక పల్లపు చతురస్రంలో నోరు తెరిచిన సింహం తల. పంది వీపు వెనక నిలువుగా ఓ చేపతోక కనిపించిందా, ఇక అనుమానం లేదు: కిజికోస్, అర ఓబోల్, క్రీ.పూ. 5వ శతాబ్దం. మర్మరా సముద్రపు దక్షిణ తీరంలో ఉన్న ఊరది. గుంపులుగా వలసపోయే ట్యూనా చేపే వాళ్ళ ముద్ర. నాణెం ఇరుకు కాబట్టి చాలాసార్లు ఆ చేపే అంచు దాటి పోతుంది.

రెండోది 1.1. వెనక్కి తిరిగి చూస్తున్న సింహం, అవతల నక్షత్రంలాంటి పువ్వు. మిలెటోస్. క్రీ.పూ. 494లో పర్షియన్లు పాడుచేసిన ఊరు.

మూడోది గోటి మీద పెడితే గోరింకా మిగిలింది. అపోలో తల, వెనక టౌ, ఎప్సిలాన్ అనే గ్రీకు అక్షరాలు కలిపి చెక్కారు. గ్రీకులో పావు వంతు అనే మాటకి మొదటి రెండక్షరాలవి, అంటే పావు ఓబోల్. విలువ నాణెం మీదే రాసిపెట్టిన కొలొఫోన్ ఊరి పుణ్యాత్ములకు దణ్ణం.

నాలుగోది అరిగిన ఆడతల, వెనక ఏమీ తేలడం లేదు. అమ్మేవాళ్ళయితే ఏదో ఊరి పేరు తగిలించేస్తారు. నేను చీటీ మీద 0.61 గ్రాములు, 9 మిల్లీమీటర్లు అని రాసి, ఊరి గడి ఖాళీగా వదిలేశాను.