బాపట్లా? చీరాలా?

బాపట్ల స్టేషన్లో తెల్లవారుజామున దిగగానే నాకు నీరసం వచ్చింది. సముద్రం పక్క ఊరంటే రైలు దిగేసరికి ఉప్పుగాలి ముఖానికి తగులుతుందని మూడు నెలలుగా ఊహించుకుంటున్నాను. దిగి చూస్తే గాలే లేదు. సంక్రాంతి వెళ్లిన వారం, మంచు కమ్ముకుని ఉంది. "సముద్రం ఎంత దూరం బాబూ?" అని ఆటో అబ్బాయిని అడిగాను. "సూర్యలంకా అమ్మా? తొమ్మిది కిలోమీటర్లు. పోనూ రానూ ఐదు వందలివ్వండి" అన్నాడు. వారానికి రెండుసార్లు వెళ్లినా నెలకు నాలుగు వేలు. ఆ లెక్క ఆ మూడు రోజులూ నా బుర్రలోంచి పోలేదు.

మా వారికి రెండేళ్లుగా ఆయాసం. కూకట్‌పల్లి దుమ్ములో ఉండొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. నేను కూడా స్కూలు నుంచి రిటైరయ్యాను. సముద్రం దగ్గర చిన్న ఊళ్లో అద్దెకు ఉందామని ఇద్దరం అనుకున్నాం. ఏ ఊరన్న దగ్గరే పేచీ. ఆయన బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివారు, దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు 1978లో చేరారట. అందుకని బాపట్ల అంటారు. నేను మంగళగిరిలో మగ్గం చప్పుడుకి నిద్ర లేచి పెరిగినదాన్ని. అందుకని చీరాల అంటాను. రెండింటికీ మధ్య పదిహేను కిలోమీటర్లు. 2022 నుంచి రెండూ బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. అయినా ఇంట్లో మాత్రం రెండూ రెండు దేశాలన్నట్టు వాదించుకున్నాం.

బాపట్లలో మొదటి రోజు ఆయనదే. కళాశాల గేటు దాటగానే ఆయన నడక మారింది. 1945లో పెట్టిన కాలేజీ అది, చెట్లు పెద్దవి, నీడ చిక్కగా ఉంది. ఏ చెట్టు కింద ఏ మేష్టారు ఏం చెప్పారో వరసగా చెబుతూ అరగంట నడిచారు. ఒక్కసారి కూడా ఆగి రొప్పలేదు. నా పట్టుదల అక్కడే సగం సడలింది. భావన్నారాయణ స్వామి గుడికీ వెళ్లాం. ఊరికి పేరు ఆ స్వామి వల్లే వచ్చిందని చెబుతారు. భావపురి వాడుకలో బాపట్ల అయిందట. గుళ్లో పూజారి గారు మా గోత్రాలు అడిగి, ఇల్లు వెతుకుతున్నామని తెలిసి, "ఇక్కడికే రండమ్మా, ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు. ఆ మాట నిజమే. మధ్యాహ్నం రెండింటికి వీధుల్లో మా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఇల్లు చూశాం. రెండు గదులు, వరండా, వెనక కొబ్బరిచెట్టు. తొమ్మిది వేలు. కలెక్టరేటు వచ్చాక అద్దెలు పెరిగాయన్నాడు బ్రోకరు. స్నానాల గదిలో కుళాయి మూతి చుట్టూ తెల్లగా పొర కట్టి ఉంది. గోటితో గీకితే సున్నంలా రాలింది. నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. "తాగడానికి క్యాన్లు వస్తాయమ్మా, ఎవరూ ఇవి తాగరు" అన్నాడు బ్రోకరు తేలిగ్గా. ఊళ్లో అన్ని ఇళ్లూ అలా ఉంటాయని నేను అనను. కానీ ఆ ఇల్లు నా మనసులోంచి అప్పుడే పోయింది. ఆయన ఏమీ అనలేదు. సూర్యలంక ఆ సాయంత్రమే చూశాం. తీరం చాలా బావుంది. ఆదివారం కావడంతో జనం కూడా ఉన్నారు. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

మర్నాడు చీరాలకు ప్యాసింజర్లో వెళ్లాం. స్టువర్టుపురం, ఈపూరుపాలెం, ఆ తర్వాత చీరాల. దిగి పక్కనే ఉన్న పేరాల వైపు నడుస్తుంటే ఒక సందులోంచి వినిపించింది. టక్, టక్, మధ్యలో చిన్న విరామం, మళ్లీ టక్. కాళ్లు వాటంతట అవే అటు తిరిగాయి. గుమ్మంలో కూర్చుని కండెలు చుడుతున్న ఆవిడ, "ఎవరు కావాలమ్మా?" అంది. ఎవరూ వద్దు, మగ్గం చూస్తానన్నాను. ఒక్క క్షణం చూసి, లోపలికి రమ్మంది.

గుంట మగ్గం. నేలలో నడుము లోతు గుంట, అందులోకి కాళ్లు దించుకుని ఆవిడ భర్త కుప్పడం చీర నేస్తున్నాడు. పసుపు చీర, ఎర్ర అంచు. మా నాన్న కూర్చున్నట్టే కూర్చున్నాడు, కొంచెం ఎడమకు వంగి. నాకు గొంతు పట్టేసింది. ఆవిడ మంచినీళ్లిచ్చింది. గుంట గోడకి ఒక మట్టానికి కింద నల్లటి చార ఉంది. అదేమిటని అడిగాను.

"తుపాను నీళ్లు పిన్నిగారూ. మొన్న 2023 డిసెంబరులో వచ్చిందే, మిచాంగ్, అది బాపట్ల దగ్గరే కదా తీరం దాటింది. గుంట నిండిపోయింది. నీళ్లు తోడిపోస్తే మళ్లీ ఊరతాయి. నేల ఆరేదాకా మగ్గం ఎక్కలేం. పడుగు, అదే మగ్గం మీది నిలువు దారాలు, పాడైతే పెట్టుబడి పోయినట్టే" అంది. ఎన్ని రోజులు పనిలేదని అడిగితే వేళ్లు లెక్కపెట్టుకుని, "ఇరవై పైనే" అంది. ఇంటికి నీళ్లు వస్తే సామాను మంచం మీదికి ఎక్కించుకోవచ్చు. మగ్గాన్ని ఎక్కడికి ఎత్తుతారు? బాపట్ల అయినా చీరాల అయినా ఈ తీరాన తుపాను గురించి ఆలోచించకుండా ఇల్లు తీసుకోకూడదని అక్కడే గట్టిగా అనుకున్నాను. అప్పటిదాకా మేమిద్దరం ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం షేర్ ఆటోలో ఓడరేవు అనే తీరపు ఊరికి బయల్దేరాం. ఇక్కడా సముద్రం ఊళ్లో లేదు, ఆరేడు కిలోమీటర్లు. కానీ మనిషికి ముప్పై రూపాయలే. దారిలో ఇసుక నేలలు మొదలయ్యాయి. సరుగుడు తోటలు, మధ్యలో పచ్చటి మళ్లు. ఉన్నట్టుండి మా వారు "ఆపు బాబూ, ఆపు!" అని దిగిపోయారు. తోటి ప్రయాణికులు విసుక్కున్నారు. ఆటో మమ్మల్ని అక్కడే దింపేసి వెళ్లిపోయింది.

పొలంలో ఇసుకని ఏటవాలుగా తవ్విన పెద్ద గుంట. అడుగున నీళ్లు, అద్దంలా. ఒకాయన రెండు బిందెలతో దిగి, ముంచుకుని, పైకెక్కి తోటకూర మడికి పోస్తున్నాడు. "దొరువు! ఇంకా ఉన్నాయి" అన్నారు మా వారు. ఆ కేక విని ఆ రైతు నవ్వాడు.

అక్కడ ఇసుకలో కూర్చుని ఆయన నాకు చెప్పిన సంగతి ఎప్పటికీ మర్చిపోలేను. ఇసుకలో ఇంకిన వాననీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక కాబట్టి వాటి మీద తేలుతూ ఉంటాయట. పైపైన నెమ్మదిగా తోడుకుంటే తియ్యటి నీళ్లే వస్తాయి. మోటారు పెట్టి ఒక్కసారిగా లాగితే కింద ఉప్పునీళ్లు పైకి ఎక్కి వస్తాయి. అందుకే ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పైనీళ్లు మాత్రం మెల్లగా నడిమి బావిలోకి చేరేలా దొరువుని మెరుగుపరిచారు. ఆ పని చేసింది బాపట్ల పరిశోధన కేంద్రం వాళ్లే. "ఇదంతా మా ఊరి చదువు" అన్నారు ఆయన. ఆ కళ్లలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

రైతు బిందె వంచితే దోసిలి పట్టాను. కాస్త ఇసుక వాసన, అంతే. తియ్యటి నీళ్లు. అక్కడ నిలబడితే సముద్రం హోరు వినపడుతోంది.

ఓడరేవు నడిచే వెళ్లాం. లైటుహౌసు, ఒడ్డున పడవలు, వలలు బాగుచేసుకునే వాళ్లు. ఆయన ఇసుకలో కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీళ్లు బాగున్న ఇల్లు దొరికితే ఇక్కడే ఉందాం. కాలేజీకి ప్యాసింజర్లో వెళ్లి వస్తాను" అన్నారు.

మూడో రోజు పేరాలలో ఇల్లు దొరికింది. ఏడు వేలు, ఇంటి పన్ను కూడా మమ్మల్నే కట్టమన్నాడు ఇంటాయన. పన్ను మాట విని నాకు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గుర్తొచ్చారు. ఈ ఊళ్లోనే కదా, 1921లో ఆయన నాయకత్వంలో మునిసిపాలిటీ పన్నులు వద్దని జనం ఇళ్లు ఖాళీ చేసి, రామనగర్‌లో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నది. ఏళ్ల తరబడి పిల్లలకి ఆ పాఠం చెప్పాను. ఇంటాయనతో ఆ మాటే అంటే, "మా తాతగారు కూడా వెళ్లారండీ" అన్నాడు. పన్ను ఆయనే కట్టుకోవడానికి ఒప్పుకున్నాడు.

ముందు గదిలో నేల ఒకచోట వేరే రంగు సిమెంటుతో ఉంది, నలుచదరంగా. మగ్గం గుంట పూడ్చారట. తుపానుకి ఈ గదిలోకి నీళ్లు వచ్చాయా అని అడిగాను. "గడప దాకా" అన్నాడు. వెనక చేతిపంపు కొట్టించి నీళ్లు రుచి చూశాను, మా వారికీ ఇచ్చాను. ఆయన పుక్కిలించి, మింగి, తలూపారు. ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చాం. నేను ఆ నలుచదరం మీద నిలబడి రసీదు రాయించుకుంటుంటే పక్కింట్లో మగ్గం మొదలైంది.