లాన్ చోక్ నాయిస్‌ని ఎంత ఆపుతోందో కొలిచాను: నా అనుభవం

ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద కెమెరాలు చూసుకునే పని నాది. ఏరేటర్ల మోటార్లకు వీఎఫ్‌డీ డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) బిగించాక ఒక గట్టు మీద కెమెరా లింకు పడిపోవడం మొదలైంది. "మోటారాపితే రొయ్య చచ్చిపోద్ది, కెమెరా ఆపితే రాత్రికి మేత బస్తాలు పోతాయి. రెండూ ఉండాలండీ" అన్నారు చెరువుల ఆసామి రాజుగారు.

డ్రైవ్ నాయిస్ (దాని నుంచి వచ్చే విద్యుత్ అలజడి) కేబుల్ జంటలో రెండు తీగల మీదా ఒకేలా ఎక్కుతుంది. అదే కామన్ మోడ్. అసలు సిగ్నల్ మాత్రం ఆ రెండింటి మధ్య తేడాగా నడుస్తుంది. లాన్ (నెట్‌వర్క్) జాక్ వెనకున్న ట్రాన్స్‌ఫార్మరూ, కామన్ మోడ్‌ని అడ్డుకునే తీగచుట్ట అయిన చోకూ కలిసి నాయిస్‌ని ఆపాలి. నా దగ్గరున్న రెండు రకాల బోర్డుల్లో ఒకటే తట్టుకుంటోంది. రెండింటి మ్యాగ్నెటిక్స్‌నీ (ఆ ట్రాన్స్‌ఫార్మర్, చోక్ ఉన్న భాగం) హాట్ ఎయిర్‌తో ఊడదీసి నానో వీఎన్ఏకి (ఏ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ ఎంత దాటుతుందో కొలిచే చిన్న పరికరం) తగిలించాను.

అసలు పనంతా జిగ్‌లోనే, అంటే భాగాన్ని పెట్టి కొలిచే అమరికలోనే ఉంది. రాగి పూత బోర్డు ముక్క మీద పరికరం కేబుళ్ళు తగిలించడానికి రెండు ఎస్ఎంఏ కనెక్టర్లు. కేబుల్ వైపు జంట కాళ్ళు రెండూ కలిపి ఒకదానికి, చిప్ వైపు జంట కలిపి రెండోదానికి. తీగలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. భాగం పెట్టకముందు ఖాళీ జిగ్‌ని కొలిచి తీరాలి: మధ్యలో రాగి రేకు అతికిస్తే సున్నా డెసిబెల్ (ఏమీ తగ్గకుండా అంతా దాటినట్టు) దగ్గర నిలవాలి, తీసేస్తే అడుక్కి పోవాలి. నాది 100 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా మైనస్ 60 కిందే ఉంది. ఈ పరీక్ష చేయకుండా ఎవరేం అంకె చెప్పినా నేను నమ్మను.

100 ఎంబీపీఎస్ సిగ్నల్ ప్రాథమిక ఫ్రీక్వెన్సీ 31.25 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది కాబట్టి నా చూపంతా 30 చుట్టూనే. అక్కడ మంచిది మైనస్ 41 డెసిబెల్స్, చౌకది మైనస్ 24; మైనస్ ఎంత పెద్దదైతే నాయిస్ అంత బాగా ఆగినట్టు. కింద ఫ్రీక్వెన్సీల్లో రెండూ బుద్ధిగానే ఉన్నాయి. పైకెళ్ళే కొద్దీ చుట్ల మధ్య కెపాసిటెన్స్ గుండా నాయిస్ దాటేస్తుంది. కేబుల్ వైపు సెంటర్ ట్యాప్‌ని (చుట్ట మధ్య నుంచి తీసిన కాలు) 75 ఓమ్స్ రెసిస్టర్, 1000 పికోఫారడ్ కెపాసిటర్ మీదుగా గ్రౌండ్ చేస్తే ఇంకో నాలుగు డెసిబెల్స్ కలిసొచ్చాయి. ట్యాప్ ఎలా కట్టారో చెప్పకుండా డేటాషీటులో ఒక్క అంకె పడేస్తే దాన్నేం చేసుకోను?

మంచి రకం బోర్డు గట్టు మీద పెట్టాక లింకు నిలిచింది.

అయితే ఇదంతా కామన్‌గా వచ్చింది కామన్‌గా ఎంత దాటుతుందన్న లెక్కే. అందులో కొంత డిఫరెన్షియల్‌గా (తీగల మధ్య తేడాగా) మారి సిగ్నల్‌లో కలిసిపోతుంది, లింకుని నిజంగా దెబ్బతీసేది అదే. దాన్ని కొలవాలంటే బ్యాలన్ (ఒంటి తీగ సిగ్నల్‌ని జంట తీగల తేడా సిగ్నల్‌గా మార్చే భాగం) కావాలి. ఫెర్రైట్ రింగు మీద ఒకటి చుట్టి, కాళ్ళు అటూ ఇటూ మార్చి చూశాను. రీడింగు ఆరు డెసిబెల్స్ మారింది. అంటే కనిపిస్తున్నది చాలావరకు బ్యాలన్ లోపమే. అందుకే ఆ అంకెలు ఇక్కడ రాయడం లేదు.